స్తోత్రం చెప్పినాక

ఆగస్టు 25, ఆదివారం

మటన్ కూర ఇంకా కడుపులో బరువుగానే ఉంది. ఈరక్క వడ్డిస్తుంటే చాలు అనడం ఎవరి వల్లా కాదు. విస్తరికి చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వేస్తుంది.

ఈరోజు ఆమె కోడలు సుజన కోసం కృతజ్ఞత కూడిక జరిపించాను. ఈ సంఘానికి వచ్చాక ఎన్నో పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, భూస్థాపనలు చేశాను గానీ, ఇంత సంతోషంగా ఇంటికి తిరిగి వచ్చిన రోజు లేదు. ఈ పల్లెలో జనం దేవుణ్ణి అడగడానికి వస్తారు. ఇచ్చావయ్యా అని చెప్పడానికి రారు. ఈరక్క వచ్చింది. కోడలికి ఆరు నెలలుగా ఫిట్స్ రాలేదు, పందిరి వేసి సంఘమంతటికీ అన్నం పెడతాను అంది.

సుజనకు చిన్నప్పటి నుంచీ ఫిట్స్. పడిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు ఇనుము కోసం పరిగెత్తేవారు. చర్చిలో పడితే సంఘపెద్ద లేవి నడుముకున్న తాళాల గుత్తి తీసి ఆమె పిడికిట్లో పెట్టేవాడు. అలా ఆమెకు తాళాల పిల్ల అనే పేరు పడిపోయింది. పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు. చంటిబిడ్డను చేతికిచ్చేవారు కాదు. కన్నకొడుకును కూడా పాలకు మాత్రం ఇచ్చి, ఈరక్క పక్కనే కాపలా కూర్చునేది.

ఆ పిల్ల ఈరోజు పందిట్లో నిలబడి, "నా దేవుడు నన్ను మనుషుల్లో కలిపినాడు" అని సాక్ష్యం చెప్పింది. అంతే, ఒక్క మాట. లేవి కూతురు మహిమ లేచి వచ్చి తన నెలల బిడ్డను తెచ్చి సుజన ఒళ్లో పెట్టింది. ఎవరూ పెట్టమనలేదు. నాకు ఏడుపు ఆగలేదు. పాస్టరు ఏడిస్తే జనానికి నచ్చుతుందని కాదు, నిజంగానే ఆగలేదు.

ప్రసంగం కూడా బాగా కుదిరింది. "వచ్చినాక చెప్పేది మర్యాద. రాకముందే చెప్పేది విశ్వాసం" అన్నాను. నా సొంత మాటే, ఎక్కడా చదివింది కాదు. "సుజన పూర్తిగా బాగైందని ఈ పొద్దే స్తోత్రం చెప్తాండాం. ఇంక ఎనక్కి చూసేది లేదు" అన్నాను. పందిరంతా ఆమేన్ అంది.

ఆగస్టు 28, బుధవారం

మన కుర్రాళ్లు ఎవరో సుజన సాక్ష్యాన్ని, నా మాటను ఫోన్లో తీసి ఊరూరా పంపించారట. కర్నూలు నుంచి ఫోన్. అక్టోబర్ మొదటి ఆదివారం సాయంత్రం అక్కడ స్తుతి మహాసభ. ముఖ్య ప్రసంగం నాదట, సాక్ష్యం సుజనదట. ఫ్లెక్సీ నమూనా కూడా పంపారు. నా ఫోటో, కింద నా మాట.

నాకు ఫ్లెక్సీలంటే గిట్టదు. మీసం మాత్రం బాగా వచ్చింది.

సెప్టెంబర్ 8, ఆదివారం

చర్చి నిండింది. కొత్త కుటుంబాలు వచ్చాయి. లేవి మొహం వెలిగిపోతోంది, మైకు సెట్టు మార్చాలంటాడు.

స్త్రీల సమాజం వాళ్లు సుజన చేత పాట ఎత్తించారు. టీ కూడా ఆమే కాచింది. గొంతు ఇంత బాగుంటుందని ఇన్నేళ్లలో మాకెవరికీ తెలియదు, ఎందుకంటే ఆమెను వెనక వరుసలోంచి ఎవరూ ముందుకు రమ్మనలేదు.

భోజనాల దగ్గర నా భార్య సంతోషమ్మ అంది, "ఈరక్క కొడుకు అవినాష్ ఈ నెల కర్నూలుకు పోలేదంట. పెండ్లాముకు మాత్రలు తేలేదంట. మీరొకసారి అడగండి."

పాతవి ఉంటాయిలే అన్నాను. రేపు అడుగుతాను.

సెప్టెంబర్ 9

అడగలేదు. వాన.

సెప్టెంబర్ 13, శుక్రవారం

ఉపవాస ప్రార్థన అయ్యాక అందరూ వెళ్లిపోయారు, సుజన చాపలు చుడుతోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక అటూ ఇటూ తిరిగాను.

"ఒళ్లు బాగుండాదా సుజనా?"

"బాగుండాదయ్యా, దేవుని దయ."

"మందులూ గిందులూ..."

నవ్వింది. "మందులేంటికయ్యా ఇంక? అంతమంది ముందర స్తోత్రం చెప్పినాక మళ్లా మాత్ర మింగితే, చెప్పిన స్తోత్రం అబద్ధమైపోదా? ఎనక్కి చూసేది లేదని నువ్వే చెప్పినావు గదా."

నేను నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చింది ఇది: "నీ విశ్వాసం శానా గొప్పదమ్మా."

అబద్ధమేమీ కాదు. ఆమె విశ్వాసం గొప్పదే. నేను డాక్టరును కాదు, మందుల సంగతి చెప్పడం నా పని కాదు. భర్త ఉన్నాడు, అత్త ఉంది. ఆరు నెలలు రానిది ఇప్పుడు ఎందుకు వస్తుంది?

ఆరు నెలలూ ఆమె మాత్రలు మింగుతూనే ఉంది.

సెప్టెంబర్ 15

నేను మాత్రలు మానమని చెప్పలేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

సెప్టెంబర్ 29, ఆదివారం

పొద్దున్నే ఇంట్లో యుద్ధం. సంతోషమ్మ ఉగ్గాని, బజ్జీ చేసింది. ప్రార్థన చేశాను, సగం తిన్నాను, అలవాటు ప్రకారం కళ్లజోడు పెట్టె తెరిచి బీపీ మాత్ర తీశాను. మాత్రల షీటు అందులోనే దాచుకుంటాను, ఎవరైనా వస్తే కనపడకుండా.

"దానికి చెప్పరా స్తోత్రం?" అంది.

"దేనికి?"

"మాత్రకు. ఉగ్గానికి కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తిరి. దీన్ని మాత్రం దొంగ మాదిరి మింగుతాండారు."

నాకు మండింది. ఇది బీపీ, అది వేరు అన్నాను. ఎట్లా వేరని అడిగింది. నా ఆరోగ్యం గురించి నేనెప్పుడూ స్తోత్ర కూడిక పెట్టించుకోలేదు అన్నాను. "పెట్టించుకొనుంటే మీరు కూడా మానుకుంటాంటిరా?" అంది. కడప ఆడవాళ్లతో వాదన పెట్టుకోకూడదు. వాళ్ల నాయన మంగంపేట గనుల్లో రాళ్లు పగలగొట్టేవాడు, కూతురికి అదే విద్య వచ్చింది. ప్లేటు పక్కకు నెట్టి లేచి వచ్చాను. బజ్జీ ఒకటి చేతిలోనే ఉంది కాబట్టి తిన్నాను.

ఆమె చెప్పింది న్యాయమే. సుజనకు చెప్పాలి. సభ అవ్వగానే చెబుతాను. ఇప్పుడు చెబితే ఆ పిల్ల అక్కడ నిలబడి సాక్ష్యం చెప్పలేదు, సంఘానికే అవమానం. ఇంకెంత, వచ్చే ఆదివారమే.

అక్టోబర్ 6, ఆదివారం, ఉదయం. కర్నూలు, ఆస్పత్రి వరండా

నిన్న మధ్యాహ్నం సుజన వేరుశనగ చేలో కాయలు పీకుతూ పడిపోయింది. ఒకటి ఆగకముందే ఇంకొకటి. వెంట ఉన్న ఆడవాళ్లు చూసేసరికి మొహం మట్టిలో ఉంది. అవినాష్ ట్రాక్టరులో రోడ్డు దాకా తెచ్చాడు, అక్కడి నుంచి ఆంబులెన్సు. ఆమె తల ఈరక్క ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. దారిలో కూడా ఫిట్స్ ఆగలేదు. లేవి తాళాలు లేవు గదా అని ఈరక్క తన వెండి కడియం తీసి ఆ పిడికిట్లో పెట్టి పట్టుకుంది.

కర్నూల్లోకి రాగానే ఆస్పత్రి దారిలో కరెంటు స్తంభానికి నా ఫ్లెక్సీ. రాకముందే చెప్పేది విశ్వాసం. అవినాష్ కూడా చూశాడు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. సూదులు వేసి, చాలాసేపటికి బయటకు వచ్చి, "ఇలా ఒక్కసారిగా మందులు ఆపితే ప్రాణాలే పోతాయి. ఆపమని ఎవరు చెప్పారు?" అని అడిగింది.

ఈరక్క నా వైపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత తల దించుకొని, "ఎవరూ చెప్పలేదు తల్లీ. మా బుద్ధి తక్కువ" అంది.

నేను నీళ్ల సీసా పట్టుకొని అక్కడే నిలబడి ఉన్నాను. నా మెడలో తెల్ల కాలరు ఉంది. డాక్టరమ్మ నాకు నమస్కారం కూడా పెట్టింది.

సభ వాళ్లకు ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదు అన్నాను. ఎవరి ఒంట్లో అని వాళ్లు అడగలేదు.

అక్టోబర్ 7

ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. పొద్దుటి నుంచి ఈ మాటే చెవుల్లో. ఒక బీద ముసలమ్మ నా పరువు కోసం తన బుద్ధిని తక్కువ చేసుకుంది, నేను చేసుకోనిచ్చాను.

అక్టోబర్ 9, బుధవారం

డాక్టరమ్మ దగ్గరకు పోయి చెప్పాను. ఆపమనలేదు గానీ ఆపేలా చేసింది నేనే, ఆపిందని తెలిసి కూడా మెచ్చుకున్నది నేనే అన్నాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "వాళ్లు మీ మాట వింటారు కదా, ఇప్పుడైనా చెప్పండి" అని వేరే మంచం దగ్గరకు పోయింది.

సుజనకు తెలివి బాగా వచ్చింది. నాలుక కొరుక్కుంది కాబట్టి మాట ముద్దగా వస్తోంది. మంచం పక్కన కూర్చుని చెప్పాను. "తప్పు నాది. మాత్ర మింగితే స్తోత్రం అబద్ధం కాదు. ఆ ఆరు నెలలు నిన్ను కాపాడింది మాత్రే."

పైన ఫ్యాను వైపు చూసింది.

"అయితే ఆ పొద్దు దేవుడు నాకేమీ చేయలేదా అయ్యా?"

ఆ మాత్ర రూపంలోనే దేవుడు అని ఏదో మొదలుపెట్టాను. నాకే చప్పగా వినిపించింది.

"మాత్రలు ఈడ అందరికీ ఇస్తారు. లేవి మామ కూతురు బిడ్డను నా ఒళ్లో పెట్టింది మాత్రను చూసి కాదు గదయ్యా. దేవుడు చేసినాడని పెట్టింది. మాత్ర మింగితే మళ్లా నేను తాళాల పిల్లనే." అటు తిరిగి పడుకుంది. "నువ్వు పోయిరా అయ్యా."

నేను ఆమె మందును ఆపించాను అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆమె దేవుణ్ణి కూడా తీసేసుకుంటున్నానా?

అక్టోబర్ 13, ఆదివారం

చెప్పేశాను. ప్రసంగం రాసుకోలేదు. సుజన మాత్రలు మానింది నా వల్ల, తెలిసీ నోరు మూసుకున్నది సభ కోసం, ఆమె విశ్వాసంలో తప్పు లేదు, నా గొప్పలో ఉంది. ఇంట్లో మందులు వాడేవాళ్లు ఎవరూ మానవద్దు. ఇంతే చెప్పాను.

లేవి అందరి ముందరే లేచాడు. "స్తోత్రాన్ని ఎనక్కి తీసుకుంటాండావు అయ్యగారూ. ఇచ్చిన స్తోత్రాన్ని ఎనక్కి తీసుకునేది నేను యాడా చూల్లేదు. కొత్తగా వచ్చినోళ్లకు మొహం ఎట్ల చూపించల్ల?"

స్తోత్రం కాదు, నేను దానికి తగిలించిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. వినలేదు. తాళాల గుత్తి బల్ల మీద పడేశాడు. "నీ గుడి తలుపు నువ్వే తీసుకో."

మహిమ బిడ్డను ఎత్తుకొని తండ్రి వెనకే పోయింది.

అక్టోబర్ 20, ఆదివారం

తలుపు నేనే తీశాను. ఆ గడియతో అరగంట కుస్తీ, చూపుడువేలు చితికింది. లోపలికి పోతే సగం చాపలు ఖాళీ. కొత్తవాళ్లు ఒక్కరూ లేరు.

నవంబర్ 2, శనివారం

ఈరక్క వచ్చి గడప మీద కూర్చుంది. లోపలికి రమ్మన్నా రాలేదు. కొంగు ముడి విప్పి చూపించింది. తడిసి, మట్టి అంటిన మాత్రలు.

"గోడ ఎనక దొరికినాయయ్యా. నాలిక కింద పెట్టుకొని, నేను పక్కకు పోతానే ఉమ్మేస్తాంది. అడిగితే ఏడుస్తాంది. కొళాయి కాడ ఆడోళ్లు దాన్ని చూసి పిల్లోళ్లను పక్కకు లాక్కుంటాండారంట. ఇంకోసారి అట్ల వస్తే దక్కదని చెప్పింది డాక్టరమ్మ. నువ్వే ఏమన్నా చేయల్ల."

"నా మాట ఇంక ఎందుకు వింటుంది ఈరక్కా?"

"నువ్వు స్తోత్రం చెప్పించినప్పుడు వినింది గదా" అంది. కోపంగా కాదు. ఆ ముసలామెకు నా మీద కోపం ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

నవంబర్ 10, ఆదివారం, మధ్యాహ్నం

కోత పండుగ దగ్గరపడింది. పందిరి గుంజల గురించి మాట్లాడడానికి పెద్ద లేడు, నేనూ సంతోషమ్మే చూసుకోవాలి.

ఇందాక కూర్చుని ఆలోచించాను. కోత పండుగకు జనం జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందర పెడతారు. దేవా, నువ్వే ఇచ్చావు అని స్తోత్రం చెబుతాం. మరి ఆ మాట చెప్పాక వచ్చే ఏడు విత్తనం వేయడం ఎవరైనా మానుకున్నారా? దున్నితే స్తోత్రం అబద్ధమవుతుందని ఎవరైనా అన్నారా? మట్టి విషయంలో మాకందరికీ ఇంత తెలివి ఉంది. ఒంటి విషయానికి వచ్చేసరికి నేనే ఒక పల్లెను మతి లేకుండా చేశాను.

నాకు కృతజ్ఞత ఎప్పుడూ పెద్ద గొంతుతోనే వచ్చింది. మైకు ఉండాలి, పందిరి ఉండాలి. రోజూ పొద్దున్నే నన్ను నిలబెడుతున్న ఆ చిన్న తెల్ల మాత్రకు ఒక్కనాడూ ధన్యవాదం చెప్పలేదు, పైగా దాచాను. సేవకుడికి రోగమేమిటని జనం అంటారేమోనని సిగ్గు. నాకే సిగ్గున్నప్పుడు సుజనకు ఉండదా? ఆమె గోడ చాటున ఉమ్మేస్తోంది, నేను కళ్లజోడు పెట్టెలో దాస్తున్నాను. ఆమెకు నేర్పింది నేనే.

సంతోషమ్మకు ఈ మాట చెబితే, "ఉగ్గాని వదిలేసిపోయిన పొద్దే తెలిసుంటే బాగుండు" అంది.

నవంబర్ 24, ఆదివారం. కోత పండుగ

జనం అనుకున్నంత తక్కువ రాలేదు. పండుగ పండుగే. లేవి కూడా వచ్చాడు గానీ లోపలికి రాలేదు, బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. ఈరక్క బుట్టెడు వేరుశనగ తెచ్చింది. సుజన చివర, తలుపు పక్కన, ముసుగు లాక్కుని కూర్చుంది. ఆమె చుట్టూ ఒక చాప వెడల్పు ఖాళీ.

అర్పణలన్నీ అయ్యాక కళ్లజోడు పెట్టె తీశాను. మాత్రల షీటు బయటకు లాగి కంకుల పక్కన పెట్టాను.

"ఇది నా బీపీ మాత్ర. ఏండ్లుగా మింగుతాండా, మీకు చెప్పలేదు. సిగ్గుపడినా. ఈ పొద్దు దీనికి స్తోత్రం చెప్తా" అన్నాను. అన్నానికి చేసినట్టే చిన్న ప్రార్థన చేసి, సంతోషమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లతో అందరూ చూస్తుండగా మింగాను. రేపు కూడా మింగుతాను, ఎల్లుండి కూడా, ప్రతి పూటా స్తోత్రం చెబుతాను అన్నాను.

ఎవరో కుర్రవాడు కిసుక్కుమన్నాడు. నా పని అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు టీచరమ్మ ఏసుమణి లేచింది. రిటైరైన మనిషి, మోకాళ్లు పట్టేస్తాయి, లేవడానికే కొంతసేపు పట్టింది. హ్యాండ్‌బ్యాగులోంచి షుగరు మాత్రలు తీసి గుమ్మడికాయ పక్కన పెట్టింది. "నావీ పెట్టుకో అయ్యగారూ. లడ్లు చాలంటే షుగరని తెలిసిపోతాదని, ఎవరికీ చెప్పకుండా తింటాండా" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత ఇంకొందరు లేచారు. ఒకాయన గుండె మాత్రలు. ఒకామె చిన్న డబ్బాలో కళ్ల చుక్కలు. లేవికి ఆయాసం పంపు ఉందని ఊరంతటికీ తెలుసు. బయటి నుంచే చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు. లోపలికి రాలేదు.

సుజన కదల్లేదు. ఆమె పేరు నేను ఎత్తలేదు. ఎత్తకూడదని ముందే నిర్ణయించుకున్నాను. ఆశీర్వాదం ముగిసేసరికి తలుపు పక్కన చోటు ఖాళీ.

నవంబర్ 25

కబురు లేదు.

నవంబర్ 27, బుధవారం

పొద్దున్నే సుజన వచ్చింది, ఒంటరిగా. సంతోషమ్మ టీ ఇస్తే తాగలేదు.

"అయ్యా, ఆ పొద్దు దేవుడు ఏమి చేసినాడో నాకింకా తెల్లేదు."

"నాకూ తెల్లేదమ్మా."

ఈసారి నా మొహంలోకి సూటిగా చూసింది. "మరి స్తోత్రం ఎట్ల చెప్తావు?"

"తెలిసినంత మటుకు చెప్తా. నువ్వు బతికినావు. అంతవరకు తెలుసు."

కాలి బొటనవేలితో గడప గీరింది. "మింగుతా. గోడ సాటున కాదు, గుడిలో, నీ మాదిరి అందరూ చూడంగా మింగుతా. మింగినాక వాళ్లు పక్కన కూచుంటే కూచోనీ, లేదంటే లేదు." ఆగి, గోడ మేకుకు వేలాడుతున్న లేవి గుత్తి వైపు చూపించింది. "ఆ తాళాలు నాకియ్యి. తలుపు నేను తీస్తా."

నేను తడబడ్డాను. ఆ గుత్తి ఆమె చేతికా?

"ఇయ్యయ్యా" అంది. నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. "ఇన్నేండ్లు తెలివి లేనప్పుడు నా చేతిలో పెట్టినారు. తెలివుండంగా ఒకసారి పెట్టండి."

సంతోషమ్మే మేకు మీద నుంచి తీసి ఇచ్చింది. నేను లోపలికి పోయాను. ఏడ్చాను, ఎవరూ చూడలేదు.

డిసెంబర్ 1, ఆదివారం

నేను పోయేసరికి చర్చి తలుపు బార్లా తీసి ఉంది. చాపలు పరిచి ఉన్నాయి. సుజన గుమ్మం దగ్గర నిలబడి సంతోషమ్మ చెంబులోని నీళ్లతో మాత్ర మింగింది. మింగేముందు కళ్లు మూసుకుంది. లోపల కూర్చున్నవాళ్లు చూశారు.

మొదటి గంట కొట్టాక లేవి వచ్చాడు. నన్ను పలకరించలేదు. గడియను ఒకసారి ఎత్తి దించి చూసి, సుజనతో అన్నాడు. "దీన్ని ఎత్తి తియ్యల్ల పాపా, లాగితే రాదు."

"ఎత్తే తీసినా మామా."

"ఊఁ" అని తన పాత చోట పోయి కూర్చున్నాడు.

పాట మొదలయ్యాక మహిమ వచ్చింది, చంకలో బిడ్డ, భుజానికి సంచి, కాలికి ఊడిరాని చెప్పు. గుమ్మం దగ్గర ఒంటికాలి మీద తంటాలు పడి, ఎదురుగా ఉన్న మనిషి వైపు బిడ్డను చాచింది. "రోంతసేపు పట్టుకో అక్కా."

సుజన వెంటనే అందుకోలేదు. ముందు కింద కూర్చుంది. చాప మీద బాసిపట్టు వేసుకుని, వీపు గోడకు ఆనించి, అప్పుడు చేతులు చాపింది. మహిమ ఆగి, అది చూసి, వంగి బిడ్డను ఆ ఒళ్లో పెట్టింది. తను కూడా అక్కడే పక్కన కూర్చుంది.

నేను పాట మర్చిపోయి బల్ల దగ్గర నిలబడిపోయాను. బిడ్డ తాళాల గుత్తి పట్టుకుని నోట్లో పెట్టుకోబోతే, లేవి ముందు వరుసలోంచే తిరిగి, "తుప్పు పాపా, తుప్పు" అని అరిచాడు.